క్యాన్సర్ కోసం కాదు, కణం కోసం వెళ్లమనండి

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి పర్లాకిమిడిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, జువాలజీ. వాళ్ల అమ్మమ్మ నోటి క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి "ఇమ్యునాలజీలో రీసెర్చ్ చేసి క్యాన్సర్‌కి మందు కనిపెడతాను" అంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇందులో బతుకు ఉందా, ఎన్నేళ్లు పడుతుంది, ఆ సైంటిస్టులు రోజంతా ఏం చేస్తారు, ల్యాప్‌టాప్ కొనాలా అని అడిగారు. నేను బరంపురం వాడిని. ముప్పై ఏళ్లు ఇమ్యునాలజీలో, అంటే ఒళ్లు జబ్బుల్ని ఎలా ఎదుర్కొంటుందో చూసే సైన్సులో, ఎలుకలతోనూ టీ కణాలతోనూ (జబ్బుతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) గడిపి, రిటైరై ఇంటికి చేరాను. తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్యాన్సర్‌కి మందు కనిపెట్టడానికైతే పాపని వెళ్లొద్దనండి. టీ కణం ఎందుకు కదులుతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది తెలుసుకోకపోతే నిద్ర పట్టదనిపిస్తే వెళ్లమనండి. రెండూ ఒకటే కదా అంటారేమో, కాదు. మొదటి కోరికతో వచ్చిన పిల్లలు నాలుగో ఏడు వచ్చేసరికి చతికిలబడటం నా కళ్లతో చూశాను. నాలుగేళ్లలో ఏ మందూ రాదు మరి. రెండో రకం వాళ్లకి నెలకో రెండు నెలలకో ఏదో ఒక చిన్న సంగతి తెలుస్తూనే ఉంటుంది, వాళ్లకి అది చాలు.

అమ్మమ్మ పోయిన బాధని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. నేను ఇందులోకి వచ్చింది కూడా మా మామ్మ వల్లే. ఆవిడ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడాన్ని అడ్డపొగ అంటారు. ఊడుపుల్లో వంగి ఉన్నప్పుడు గాలికి చుట్ట ఆరదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చిన్నప్పుడు టార్చిలైటు వేసి ఆవిడ అంగిలి చూశాను. తెల్లగా మందంగా తేలి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, పెనం మీది అట్టుకి పడే చిల్లుల్లా. అంగిలి క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు. మన విశాఖ, శ్రీకాకుళం, గంజాం ఒడ్డున ఎక్కువ కాబట్టి ప్రపంచంలో నోటి జబ్బుల డాక్టర్లందరికీ ఈ పొగ సంగతి తెలుసు. నా పదమూడో ఏట మామ్మ పోయింది. ఆ బాధ నన్ను ల్యాబు గుమ్మం దాకా తీసుకెళ్లింది. లోపల ముప్పై ఏళ్లు కూర్చోబెట్టింది మాత్రం వేరే. ఆ వేరేది ఏమిటో నాకంటే పెద్దవాళ్ల బతుకుల్లోంచి చెప్తే బాగా అర్థమవుతుంది.

జేమ్స్ అలిసన్ అని 2018లో నోబెల్ తీసుకున్నాయన ఉన్నాడు. 1948లో టెక్సస్‌లో పుట్టాడు. ఊరి పేరు ఆలిస్, మన గుణుపురంలాంటి ఊరే. తండ్రి డాక్టరు. తల్లి ఇతని చిన్నతనంలోనే లింఫోమా అనే క్యాన్సర్‌తో పోయింది. మేనమామలు, ఆ తర్వాత అన్నగారు, అందరూ క్యాన్సర్‌తోనే. ఇంత జరిగిన ఇంట్లో పుట్టినవాడు కూడా తాను క్యాన్సర్ మందు కోసం ఇందులోకి రాలేదనీ, టీ కణాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనే వచ్చాననీ ఎన్నోసార్లు చెప్పాడు. వినయం కోసం అన్న మాట అనుకోకండి. ఆయన పనిని వరసగా చూస్తే అది నిజమని తెలుస్తుంది.

హైస్కూల్లో బయాలజీ మాస్టారు డార్విన్ పాఠం చెప్పనంటే ఆ క్లాసుకే వెళ్లనని భీష్మించుకుని, ఉత్తరాల ద్వారా కోర్సు చేశాడట. పీహెచ్‌డీలో లుకేమియా అనే రక్త క్యాన్సర్ మీద పనిచేసే ఆస్పరజినేజ్ అనే ఎంజైము మీద పని. కణితి కరిగి బాగుపడిన ఎలుకలకి, చూద్దామని, మళ్లీ అదే క్యాన్సర్ కణాలు ఎక్కించాడు. కణితి రాలేదు. అది ఎవరూ చెయ్యమన్న పని కాదు, థీసిస్‌కి అక్కర్లేనిది కూడా. ఎలుక ఒంట్లో ఏదో ఆ కణాల్ని గుర్తుపెట్టుకుందన్న ఆశ్చర్యం అక్కడ పుట్టింది.

1982లో టీ కణం మీద ఉండే రిసెప్టరుని, అంటే శత్రువుని గుర్తుపట్టే భాగాన్ని, ప్రోటీన్‌గా పట్టుకున్నాడు. అది ఒక్కటే చాలదని తర్వాత తెలిసింది. ఇక్కడ మన నౌపడా–గుణుపురం చిన్న బండిని గుర్తు చేసుకోండి, పాత నేరోగేజి రోజుల్లోది. సిగ్నల్ పడినంత మాత్రాన బండి కదలదు కదా. స్టేషన్లో పచ్చజెండా ఊపాలి, అది చూసి డ్రైవరు ఆవిరి వదలాలి. రిసెప్టరు సిగ్నల్. డ్రైవరు సీడీ28 అనే ఇంకో ప్రోటీను. మరి ఆఖరి పెట్టెలో గార్డు ఉంటాడు, ఆయన చేతిలో బ్రేకు చక్రం ఉంటుంది. ఆ గార్డు సీటీఎల్ఏ-4. తమాషా ఏమిటంటే డ్రైవరూ గార్డూ చూసేది ఒకే పచ్చజెండా, పైగా గార్డు చూపు ఇంకా పదును. బండి కొంత దూరం పోయాక గార్డు ఆ జెండాని డ్రైవరుకి కనపడనివ్వకుండా అడ్డం నిలబడి చక్రం బిగిస్తాడు. ఇది లేకపోతే టీ కణాలు పెరుగుతూ పోయి మన ఒంటినే తినేస్తాయి. ఈ గార్డు లేకుండా పుట్టించిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయి.

ఈ ప్రోటీన్ తాలూకు జీన్‌ని 1987లో ఫ్రాన్సులో కనిపెట్టారు. అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఇదీ డ్రైవరే అని కొందరు ప్రయోగాలతో సహా రాశారు. కాదు, బ్రేకు అని అలిసన్ ల్యాబూ, జెఫ్రీ బ్లూస్టోన్ ల్యాబూ విడివిడిగా తేల్చాయి. బ్రేకు అని తెలియగానే చాలామంది దాన్ని ఇంకా గట్టిగా బిగిస్తే కీళ్లవాతంలాంటి జబ్బులకీ అవయవ మార్పిడికీ పనికొస్తుందనుకున్నారు. తప్పేమీ లేదు, ఆ దారిలోనూ మందులొచ్చాయి. అలిసన్ మాత్రం గార్డు చెయ్యి పట్టుకుని ఆపితే ఏమవుతుందని అడిగాడు.

1994 చలికాలంలో ఆయన ల్యాబులో డేనా లీచ్ అనే కుర్రాడు కణితులున్న ఎలుకలకి బ్రేకుని అడ్డుకునే యాంటీబాడీ, అంటే ఎంచుకున్న చోట అతుక్కునే ప్రోటీను, ఇచ్చాడు. కణితులు కరిగిపోయాయి. అలిసన్ నమ్మలేదు. క్రిస్మస్ సెలవులు, కుర్రాడు ఊరెళ్లాలి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, ఏ పంజరంలో ఎలుకకి మందు పడిందో నాకు చెప్పకు, కొలతలు నేను తీస్తానన్నాడు. మొదట్లో అన్ని పంజరాల్లోనూ కణితులు పెరిగాయి. పోయిందనుకున్నాడు. కొన్నాళ్లకి కొన్ని పంజరాల్లో పెరుగుదల ఆగింది, తర్వాత తగ్గింది, తర్వాత మాయమైంది. 1996లో పేపరు వచ్చింది.

"నాకు చెప్పకు" అన్న ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగాలి, ఎందుకంటే నా బతుకులో అతి పెద్ద సిగ్గు అక్కడే ఉంది.

సైంటిస్టులు రోజంతా ఏం చేస్తారని అడిగారు కదా, ఇదే చేస్తారు. ఎలుకని మెడ వెనక చర్మం పట్టి ఎత్తాలి, తోకని చిటికెన వేలికింద నొక్కిపట్టాలి. పక్కన గొరిగిన చోట చర్మం కింద కణితి తగులుతుంది, మొదట్లో ఆవగింజ, తర్వాత శనగగింజ. వెర్నియర్ కాలిపర్‌తో పొడుగు, వెడల్పు కొలిచి నోటుబుక్‌లో రాయాలి. వారానికి మూడుసార్లు, యాభై అరవై ఎలుకలకి, పండగైనా సరే. కాలిపర్ పళ్లని బొటనవేలు ఎంత నొక్కితే అంత కొలత మారుతుంది. ఆరున్నర మిల్లీమీటర్లు అనుకుంటే ఆరున్నర, ఏడు అనుకుంటే ఏడు. నా పీహెచ్‌డీ మూడో ఏట నేనొక మిశ్రమం ఇచ్చాను. మందు పడిన గుంపు ఏదో నాకు తెలుసు, కొలిచేదీ నేనే. ఆరు నెలలు గ్రాఫులు అద్భుతంగా వచ్చాయి. ఇంటికి ఉత్తరం కూడా రాశాను. తర్వాత మా గైడు కొలతలు ఇంకో అమ్మాయికి ఇచ్చి, పంజరాల చీటీలు తీసేసి అంకెలు వేశారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేనేమీ అబద్ధం రాయలేదు మాస్టారూ, ప్రతి అంకే కాలిపర్ చూపించిందే. నా కోరిక బొటనవేలిలోకి దిగింది, అంతే. "క్యాన్సర్‌కి మందు కనిపెట్టాలి" అని వెళ్లిన పిల్లాడికి ఈ ప్రమాదం ఎక్కువ. వాడికి ఒకే జవాబు కావాలి కాబట్టి. ఏం జరుగుతుందో చూద్దాం అనుకునేవాడికి రెండు జవాబులూ పనికొస్తాయి.

అలిసన్ కథలో మిగిలింది గబగబా చెప్తాను. పేపరు వచ్చాక కంపెనీల చుట్టూ తిరిగాడు, చాలామంది కాదన్నారు. ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రక్షణ కణాలతోనే క్యాన్సర్‌ని కొట్టించడం, అప్పటికే చాలాసార్లు ఆశపెట్టి మోసం చేసిన మాట. చివరికి మెడరెక్స్ అనే చిన్న కంపెనీ మనుషులకి పనికొచ్చే యాంటీబాడీ చేసింది. అదే ఇపిలిముమాబ్. దానితోనూ చిక్కే. కణితి వెంటనే చిన్నదవ్వడమే గెలుపు అని అందరికీ అలవాటు. ఇక్కడ టీ కణాలు వచ్చి గుమిగూడటంతో కొందరిలో గడ్డ ముందు పెద్దదై తర్వాత తగ్గేది. ఇలాంటి మందునే ఇంకో కంపెనీ 2008లో పనిచేయట్లేదని మధ్యలో ఆపేసింది. మెడరెక్స్ వాళ్లు మాత్రం గడ్డ సైజు పక్కనపెట్టి, మనిషి ఎన్నాళ్లు బతికాడన్నది లెక్కగా తీసుకున్నారు. ముదిరిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మీద 676 మందితో చేసిన పరీక్షలో సగంమంది దాటిన ఆయుష్షు 6.4 నెలల నుంచి 10.1 నెలలకి పెరిగింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ మందు తీసుకున్నవాళ్లలో సుమారు ఐదో వంతు మంది మూడేళ్లు దాటారు, దాటినవాళ్లలో ఎక్కువమంది అలాగే నిలబడ్డారు. 2011 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. రిసెప్టరు దొరికిన 1982 నుంచి లెక్కేస్తే 29 ఏళ్లు.

నోబెల్ పంచుకున్న తసుకు హొంజో సంగతీ అంతే. జపాన్‌లోని క్యోటోలో ఆయన ల్యాబులో 1992లో పీడీ-1 దొరికినప్పుడు వాళ్లు వెతుకుతున్నది కణాలు తమంతట తాము ఎలా చచ్చిపోతాయన్న దాని గురించి. అది ఇంకో బ్రేకు అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాని మీద వచ్చిన నివోలుమాబ్ అనే మందు పేరు మీరు కటక్‌లోనో విశాఖలోనో డాక్టర్ల నోట విని ఉంటారు.

మనవాళ్లలో చూస్తే యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ముల్ని స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం విరిగి చిక్కిపోయే జబ్బు అది. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ వెంట పడింది. ఆ పనిలోంచి, ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి కణాన్ని మోసం చేసే పదార్థాలు పుట్టాయి. వాటిలో అమినోప్టెరిన్‌ని 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చి, కొన్నాళ్లపాటైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని చూపించాడు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. సుబ్బారావు గారు ఆ ఏడే పోయారు.

ఈ రెండు కథలూ కలిసిన చోటు ఒకటుంది, మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు నోరు, గొంతు క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద ఒక పరీక్ష చేశారు. గుట్కా, గుడాఖు, ఖైనీ మన వైపు తెస్తున్న జబ్బే అది. ఒక గుంపుకి తక్కువ మోతాదులో రోజూ, వారంవారం ఇచ్చే చౌక మాత్రలు, అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. రెండో గుంపుకి అవే మాత్రలు, వాటితోపాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. మామూలుగా ఇచ్చే దాంట్లో పదో వంతుకంటే తక్కువ! ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మొదటి గుంపులో నూటికి 16 మంది, రెండో గుంపులో 43 మంది. భీమవరం కుర్రాడు ఫోలిక్ యాసిడ్ కోసం వెతికిన దారీ, క్యోటోలో కణాల చావు గురించి అడిగిన ప్రశ్నా ఒకే చీటీలోకి వచ్చాయి. మీ అత్తగారి నోటి గురించి ఆ ఇద్దరిలో ఎవరూ ఆలోచించి ఉండరు.

ఇక్కడో పిడకల వేట. ఇమ్యునోథెరపీ అంటే ఇమ్యూనిటీ పెంచడమని చెప్పి కషాయాలూ పొడులూ అమ్మేవాళ్లు మన సంతల్లో కూడా తయారయ్యారు. ఇది పెంచడం కాదు, గార్డుని పక్కకి తప్పించడం. తప్పిస్తే పేగులు పుండ్లు పడతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది, ఊపిరితిత్తులు వాస్తాయి. అవన్నీ చూసుకోగల డాక్టరు లేకుండా ఆ మందు ముట్టుకోకూడదు.

తెలుగు మీడియం గురించి దిగులు పడకండి. పేపర్లు ఇంగ్లీషులోనే చదవాలి, నిజమే. రెండేళ్లు నానా తంటాలు పడుతుంది, తర్వాత ఆ ఇంగ్లీషు అలవాటైపోతుంది. ఎందుకంటే సైన్సు ఇంగ్లీషులో మాటలు తక్కువ, వాటినే తిప్పితిప్పి వాడతారు. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒకసారి రోగుల రక్తం నమూనాల కోసం మన ప్రాంతంలో ఒక ఆసుపత్రికి వెళ్లాం. ఒప్పుకోలు పత్రం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఎదురుగా కూర్చున్న ముసలమ్మకి తెలుగు తప్ప రాదు. నాతో వచ్చిన ఢిల్లీ కుర్రాళ్లు వేలిముద్ర వేయించుకుని వెళ్దామన్నారు. నేను పక్కన కూర్చుని, "ఈ రక్తం వల్ల నీకు నయం కాదమ్మా, రేపు ఇంకొకరికి పనికిరావచ్చు, ఇష్టం లేకపోతే మానెయ్, నీ వైద్యం ఆగదు" అని చెప్పాను. ఆవిడ కాసేపు చూసి, "నాకు కాకపోతే తీసుకోడం ఎందుకు బాబూ?" అంది. జవాబు చెప్పడానికి అరగంట పట్టింది. చివరికి ఇచ్చింది. తెలుగూ ఒడియా రెండూ వచ్చిన పిల్ల ఆ గదిలో ఉండటం చిన్న విషయం కాదు. సవర కూడా నాలుగు ముక్కలు వస్తే ఇంకా మంచిది. మీ ఊళ్లోనే కదా గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నారు.

లెక్కలు. ఎమ్మెస్సీ రెండేళ్లు, దానికి జామ్, గ్యాట్-బీ, సీయూఈటీ పరీక్షలున్నాయి, మూడూ రాయించండి. పీహెచ్‌డీ ఐదారేళ్లు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. తర్వాత మూడు నాలుగేళ్లు పోస్ట్ డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబులో చేసే తాత్కాలిక పని. ముప్పై మూడు, ముప్పై నాలుగు ఏళ్ల దాకా పర్మనెంటు అన్న మాట ఉండదు. పెళ్లి సంబంధాల వాళ్లకి మీరే జవాబు చెప్పుకోవాలి, ఆ పని పాప మీద పెట్టకండి. సర్కారీ ఉద్యోగాలు తక్కువ. కానీ హైదరాబాద్ కంపెనీల్లో యాంటీబాడీలు తెలిసినవాళ్లకి పని దొరుకుతోంది. ఐఐటీ బొంబాయిలో పుట్టిన సీఏఆర్-టీ వైద్యానికి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. రోగి టీ కణాల్నే బయటికి తీసి, క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా మార్చి ఎక్కిస్తారు. బయటి దేశాల్లో మూడు నాలుగు కోట్లయ్యేది ఇక్కడ నలభై లక్షల చుట్టుపక్కల. మనలాంటివాళ్లకి అదీ కొండే, కానీ ఆ పనికి చేతులు కావాలి.

ఎక్కడ అంటే, బరంపురంలోనే 2016 నుంచి ఐసర్ అనే కేంద్ర సైన్సు సంస్థ ఉంది, భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. పుణేలో నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్, ఢిల్లీలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ, నవీ ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ల పరిశోధన కేంద్రం ఆక్ట్రెక్ ఇమ్యునాలజీకి పాత చోట్లు. సంస్థ పేరు చూసి కాదు, గైడుని చూసి చేరమనండి. ఆ ల్యాబులో పాత విద్యార్థులు ఎన్నేళ్లకి బయటపడ్డారో అడిగితే సగం తెలుస్తుంది. చేరేముందు ఒక వేసవి రెండు నెలలు ఎలుకల గదిలో గడపమనండి. ఆ వాసన, ఎలుకని తన చేత్తో చంపాల్సి రావడం కొందరి వల్ల కాదు. కాకపోతే సిగ్గుపడక్కర్లేదు, కంప్యూటరు మీద చేసే ఇమ్యునాలజీ కూడా ఇప్పుడు పెద్ద పనే.

ల్యాప్‌టాప్ కొనండి, కానీ ఇప్పుడు మామూలుది చాలు. ఆర్, పైథాన్ అనే కంప్యూటరు భాషలు నేర్చుకోవడానికి ముప్పై ఐదు వేల లోపుది సరిపోతుంది. మిగతా డబ్బు పాప పేరున విడిగా ఉంచండి. వచ్చే ఏడు ఇంటర్వ్యూలకి పలాసలోనో బరంపురంలోనో రైలెక్కి పుణే, ఢిల్లీ తిరగాలి, తత్కాల్ టికెట్లు ఊరికే రావు.